దొర పేరు

స్కాట్లండ్ కొండల్లోని ఆ లోయలో ఎఫీ మెకార్విక్ ఇంట్లో కన్నా చర్చి సమాధుల దగ్గరే ఎక్కువ కనపడుతుంది. కాళ్లకు చచ్చిపోయిన మొగుడి బూట్లు, జేబులో వోట్ రొట్టె ముక్క. రాళ్ల మీద గొర్రెలు వేసిన పెంటికల్ని ఉత్త చేత్తోనే ఏరిపారేస్తుంది. ఆ ఇంటిపేరు అక్కడ మిగిలింది ఆమె ఒక్కతెకే. కెనడాలో మాత్రం ఊళ్లకు ఊళ్లే ఉన్నారు. ఏటా వేసవిలో, ఒకప్పుడు ఆ లోయనేలిన మెకార్విక్ దొరల గుర్తయిన గళ్ల శాలువాలు కప్పుకుని దిగుతారు. మొన్న ఒకావిడ వచ్చి పాత దొర సమాధిని ముద్దుపెట్టుకుంది. "మనది దొర రక్తమే కదా పెద్దమ్మా!" అంది కళ్లనీళ్లతో.

ఎవరేమన్నా తలూపి ఊరుకునే ఎఫీకి ఆ రోజెందుకో ఒళ్లు మండింది. "రక్తమా, నా బొందా! కరువులో ఈయన ఇంటికి కుంచెడు వోట్ గింజలు కొలిస్తే, మనవాళ్లు ఈయన పేరు పెట్టుకున్నారు. ఈయన మనవడికి మనుషులకన్నా గొర్రెలు ముద్దొచ్చాయి. వాటి మేత కోసం మన కొంపలకు నిప్పుపెట్టి, దొరికినవాళ్లందర్నీ కెనడా ఓడెక్కించాడు. అట్లా పాకిందమ్మా ఈ పేరు. ఇక్కడే పోయినవాళ్లకు రాయి కూడా లేదు. నువ్వు నిలబడ్డది వాళ్ల మీదే."

ఆవిడ ఉలిక్కిపడి పక్కకు జరిగింది. కాసేపు గడ్డికేసి చూసింది. తర్వాత శాలువా సర్దుకుని, మళ్లీ దొర రాతికే ఆనుకుని నిలబడి, ఫోను ఎఫీకిచ్చింది.

"రాతి మీద పేరు బాగా పడేట్టు తియ్యి పెద్దమ్మా."

ఎఫీ పెంటికలు ఏరిన చేతిని కోటుకు తుడుచుకుని తీసింది. పేరు చక్కగానే పడింది.