గూనితాడు ఫోటో

ఆ ఫోటోలో మనిషి లేడు. ఒక తాటిచెట్టు, మట్టల కింద కట్టిన రెండు కల్లు కుండలు, మా మాటలో లొట్లు, వెనక చింతచెట్టు కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలాలు. అంతే. కింద నేను రాసిన వాక్యంలోనూ ఎవరి పేరూ లేదు. "రాత్రిపూట వీటి మీద ఏం వాలుతున్నదో ఆలోచించి తాగండి" అని రాశాను. ఎవరినీ ఏమీ అనలేదు కదా అనుకుని, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, టీ తాగాను.

మా ఊరు జనగామకు ఆటోలో అరగంట. ఊరి వెనక తాటివనం ఉంది. తాటిచెట్టును మేం తాడు అనే అంటాం. బయటివాళ్లకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి గానీ, ఇక్కడ పుట్టినవాడికి ఏ రెండు తాళ్లూ ఒక్కటి కావు. నడుం దగ్గర వంగింది గూనితాడు. పిడుగుపడి ఒక పక్క నల్లబడింది కాలినతాడు. ఎవరు పెట్టారో తెలియని పేర్లు ఇలా చాలా ఉన్నాయి. ఒక్కో చెట్టు కల్లు ఒక్కో నాలుగిళ్లకు. ఆ ఇళ్లవాళ్లు వచ్చి తాటాకు దొప్ప పట్టుకుని కూర్చుంటే, గీసేవాడు వాళ్ల చెట్టు లొట్టి తెచ్చి వంపుతాడు. గూనితాడును ఎవరు గీస్తారో, దాని కల్లు ఎవరెవరు తాగుతారో పిల్లలను అడిగినా చెబుతారు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరై వచ్చిన నాకు తెలియదా? ఆ నాలుగిళ్లలో ఒకటి మాదే.

దాన్ని గీసేవాడు నాతో ఐదో తరగతి దాకా చదివాడు. తర్వాత వాళ్ల నాయిన చెట్టు మీది నుంచి పడి నడుం పోగొట్టుకుంటే, మోకు తన భుజాన వేసుకున్నాడు. మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే పగ్గం. కులాలు వేరైనా మాది బావా అంటే బావా అనుకునే వరస. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవులకు వచ్చినప్పుడు నా చేతికి మొదటి దొప్ప ఇచ్చింది అతనే.

అలాంటివాడి చెట్టును అలా ఎందుకు పెట్టానో చెప్పాలంటే, మా అక్క సంగతి చెప్పాలి.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను బయ్యారం దగ్గర ఒక బడిలో ఉన్నాను. అప్పుడు నాకు దేని మీదా నమ్మకం ఉండేది కాదు. టీవీలవాళ్లు భయం అమ్ముకుంటున్నారని, మనుషులు ఊరికే బెదిరిపోతున్నారని స్టాఫ్‌రూములో ఉపన్యాసాలు దంచేవాణ్ని. చదువుకున్నవాడి అనుమానానికి విలువ ఎక్కువ కదా, అందరూ వినేవాళ్లు. ఒకరోజు భూపాలపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది. మహబూబాబాద్‌లో వాళ్ల ఆడబిడ్డ ఇంట్లో పెళ్లి.

"తమ్మీ, నువ్వు సైన్సు సదివినోనివి. పొమ్మంటవా, వద్దంటవా? మీ బావ వద్దంటుండు."

"ఏం గాదక్కా. గా టీవీ బంద్ పెట్టి పోయిరా."

పోయింది. తిరిగి వచ్చిన పదో రోజుకు లేదు. ఆఖరి చూపు కూడా దక్కలేదు మాకు. బావ ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేవాణ్నేమో.

మొన్నటి చలికాలంలో మళ్లీ టీవీలో మొదలైంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో గబ్బిలాల నుంచి మనుషులకు వైరస్ సోకిందట. గబ్బిలం నోరు పెట్టిన పండ్లతో, చెట్ల నుంచి తీసిన పచ్చి రసంతో కూడా రావచ్చట. మా ఊరి టీ హోటల్లో ఆ పూట అదే ముచ్చట.

"కరోనా అయిపాయె, గిప్పుడు గబ్బిలాలది తెచ్చిన్రు," అన్నాడు హోటలాయన టీ వడపోస్తూ.

"ఓట్లు దగ్గర పడ్డయేమో చూడన్నా," అన్నాడు బెంచీ మీది ఒకాయన.

"మా తాత దమ్ము రోగం తగ్గుతదని గబ్బిలం కూర తిన్నడు. తొంబై ఏండ్లు బతికిండు."

"మీ తాత ముచ్చటా? గబ్బిలానికే ఏదో అంటిచ్చి ఉంటడు పో."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఒకప్పటి నా గొంతే నలుగురి నోళ్లలోంచి వినిపించింది నాకు. ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. ఎవరినైనా సరే ఆపాలి. ఎవరినో ఒకరిని కాపాడాలి. మరునాడు పొద్దున్నే తాటివనానికి పోయి ఫోటో తీశాను. కాపాడే హడావిడిలో ఉన్నవాడికి ఎదుటి మనిషి ఎవరో కనపడడు. చింతచెట్టు పక్కనే ఉంది కాబట్టి గూనితాడు తీశాను. అంతకు మించి ఆలోచించలేదు.

గ్రూపులో వచ్చిన మొదటి జవాబు, "గిది గూనితాడే గదా?" రెండోది, "ఔ, గూనితాడే." మూడోది, గీసేవాడి ఇంటిపేరు.

మధ్యాహ్నానికి అది వేరే గ్రూపుల్లోకి పోయింది. సాయంత్రానికి అతని దగ్గరికి తాగేవాళ్లు రాలేదు. మరునాడు కూడా రాలేదు. గూనితాడు నాలుగిళ్లవాళ్లే కాదు, అతను గీసే పదిహేను చెట్ల మనుషులూ రాలేదు. తాగడం మానేశారా అంటే అదీ లేదు. యాభై అడుగుల అవతల ఇంకొకరు గీసే చెట్ల కిందికి పోయి కూర్చున్నారు. గబ్బిలాలకు హద్దురాళ్లు పాతి ఉన్నట్టు.

మూడో రోజు పొద్దున నేను వనంలోకి పోయేసరికి అతను కాలినతాడు దిగుతున్నాడు. నడుముకు కట్టిన లొట్టి విప్పి, నురగతో నిండుగా ఉన్న కల్లును చెట్టు మొదట్లో పారబోశాడు. చీమలకు పండుగ అయినట్టుంది. పదిహేను చెట్ల మొదళ్లలోనూ నేల తడిగా ఉంది.

"తాగేటోళ్లు లేనప్పుడు ఎక్కుడెందుకు బావా?" అన్నాను.

"పూటపూటకు గెల మొన కోయకపోతే చెట్టు ఎండిపోతది, కల్లు రాదు. మల్ల వచ్చే ఏడాదే." అతను నా వైపు చూడకుండా కత్తి నూరుకుంటున్నాడు. "నువ్వు ఫోన్ల ఏం పెట్టినవో చెట్టుకు ఎర్కనా సారూ?"

సారూ. యాభై ఏళ్లలో ఆ పిలుపు అతని నోటి నుంచి అదే మొదటిసారి.

అరవై దాటిన మనిషి. రోజుకు మూడుసార్లు, పదిహేను చెట్లు, పారబోయడానికి. ఈ మూడు నెలల కల్లు మీదే అతని ఏడాది గడవాలి. వానాకాలంలో కూలికి వంగే నడుం కాదు అది. ఈ కాలం పోతే ఇక మోకు పక్కన పడేసి ఏ పట్నంలోనో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడమే. అదంతా నాకు అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది. ఫోటో తీసినప్పుడు కూడా తెలిసినదే. గుర్తు చేసుకోలేదు.

ఆ రోజే ప్రభుత్వ దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగాను. చిన్న వయసు, చాలా ఓపిక.

"మన దగ్గర ఈ వైరస్ కేసు లేదు సార్. అట్లని జాగ్రత్త వద్దని కాదు. గబ్బిలం మూతి తగలకుండా లొట్లు మూసి కట్టుకోమనండి. కొరికిన పండ్లు తినొద్దు. జ్వరం వస్తే దాచుకోకుండా ఇక్కడికి రమ్మనండి. అంతకు మించి భయపడేది లేదు." నేను లేస్తుంటే అంది, "మీరు ఇది అడగడానికి ముందే వచ్చి ఉంటే బాగుండేది."

జనగామలో దోమతెర గుడ్డ కొని వనానికి పట్టుకుపోయేసరికి ఇంకో మూడు రోజులు గడిచాయి. అతను దాన్ని ఎత్తి వెలుతురులో చూశాడు.

"లొట్లకు దోమతెరలా? పెండ్లికొడుకులనుకున్నవా సారూ?"

అన్నాడే గానీ వద్దనలేదు. నేను ముక్కలు కోసి ఇస్తుంటే ఒక్కో చెట్టూ ఎక్కి లొట్టి మూతికీ గెలకూ కలిపి చుట్టి వచ్చాడు. ఈగలు కూడా పడటం లేదు, ఇది ముందే చేసుకోవాల్సింది అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అప్పటికే నాలుగు పొడవాటి చెట్లు వదిలేసి ఉన్నాడు. ఎక్కే సత్తువ చాలక.

గ్రూపులో మళ్లీ రాశాను. డాక్టరమ్మ చెప్పింది, వలలు కట్టిన సంగతి, నాది తొందరపాటని. ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఒకాయన గులాబీపువ్వుతో శుభోదయం పంపాడు. ఆ సాయంత్రమే డోర్నకల్ నుంచి పాత శిష్యుడొకడు నా ఫోటోనే నాకు పంపాడు, "సార్, మీ దిక్కు జర చూసుకోండి" అని. ఫోటోకు కాళ్లు ఉన్నాయి. నా సవరణకు లేవు.

ఇక మనిషిగా పోయి నిలబడటమే మిగిలింది. ఆదివారం పొద్దున, అవతలి చెట్ల కింద జనం దొప్పలు పట్టుకుని కూర్చున్న చోటికి పోయాను. అతన్నీ రమ్మన్నాను. వల విప్పని లొట్టి ఒకటి పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఫోటో పెట్టింది నేనే," అన్నాను. "డాక్టరును అడగకుంటనే పెట్టిన. గీ మనిషి చెట్టని ఎర్కుండే పెట్టిన. తప్పు నాది."

ముందు వరసలోని ఒక అవ్వ దొప్ప కింద పెట్టింది.

"గవన్ని ఎందుకు బిడ్డా. గాయన కల్లు తాగుమంటవా, వద్దంటవా?"

అక్క ఫోన్‌లో అడిగిన ప్రశ్నే అది. ఒకసారి ఒకరికి పొమ్మని చెప్పాను. ఇంకోసారి ఊరందరికీ వద్దని చెప్పాను. రెండుసార్లూ తెలిసినవాడిలాగే చెప్పాను.

"పక్కా చెప్పేటంత నాకు ఎర్క లేదవ్వా," అన్నాను. "వల కట్టిన లొట్టిది మంచిదన్నది డాక్టరమ్మ. నేనైతే తాగుత. మీరు మీరే సోచాయించుకోండ్రి."

అతను వల విప్పి వంపాడు. తాగాను. ధైర్యంగా తాగానని రాస్తే అబద్ధం. మొదటి గుక్కను నోట్లోనే పట్టుకుని నిలబడ్డాను.

"ఏం సారూ, మింగుతవా, పట్టుకపోతవా?" అన్నాడు ఎవరో. నవ్వారు. అయినా ఆ రోజు ఇంకెవరూ దొప్ప చాపలేదు.

ఆ తర్వాత నేను రోజూ పొద్దున పోయి తాగాను. ఊరు నన్ను చూడటం మొదలుపెట్టింది. హోటల్ దగ్గర ఆగితే, "సారూ, తలకాయ గిట్ల నొస్తుందా?" పక్కింటి ఆవిడ గోడ మీది నుంచి, "అన్నా, రాత్రి దగ్గినవు?" ఒకరోజు ఆలస్యంగా లేస్తే, తలుపు తట్టి, బతికే ఉన్నానని చూసుకుని, ఏమీ అడగకుండానే వెళ్లిపోయాడొకాయన. కోపం రాలేదు. అక్క విషయంలో ఇలా ఎవరైనా నాకు పరీక్ష పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పన్నెండో రోజున ఇద్దరు వచ్చారు. పదమూడో రోజున అవ్వ వచ్చింది. ఆ ఆదివారానికి గుంపే వచ్చింది. కానీ అప్పటికి, పారబోయడానికి ఎక్కలేక అతను ఒక్కొక్కటిగా వదిలేసిన తొమ్మిది చెట్లు ఎండిపోయి ఉన్నాయి. గూనితాడు కూడా. మిగిలిన ఆరు చెట్ల కల్లు ఆ మందికి చాలలేదు. "మా చెట్టుది ఏది?" అని అడిగినవాళ్లకు అతను ఎండిన గెల చూపించి, ఉన్నదాంట్లోనే తలా కొంచెం పోశాడు. నేను దొప్ప చాపలేదు. అతనూ అడగలేదు.

అందరూ వెళ్లాక అన్నాను, "ఎట్లనైతేనేం, మల్ల వచ్చిన్రు గద బావా."

అతను ఖాళీ లొట్లన్నీ బోర్లించాడు.

"నువ్వు పన్నెండు రోజులు తాగి సావలేదని వచ్చిన్రు సారూ. నేను మీసం రాకముందు నుంచి తాగుతున్న. ఫోటో పెట్టిన రోజు తాగిన, తెల్లారి తాగిన, పారబోసేటప్పుడు సుత తాగిన. వాళ్ల కండ్ల ముంగటనే ఉన్న. నన్ను ఒక్కడు లెక్కవట్టలే."

వాళ్లను అన్నాడో నన్ను అన్నాడో అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. మధ్యాహ్నం గీతకు వేళయింది. మోకు భుజాన వేసుకుని, ఎండిన తొమ్మిది చెట్లనూ ఒక్కొక్కటిగా దాటుకుంటూ, అవతల మిగిలిన ఆరింటి వైపు నడిచాడు.