మన పెండ సముద్రానికెందుకు?

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. (తెలియనివన్నీ ఆ తర్వాతే మొదలయ్యాయి.) చేపల శాఖలో తాత్కాలిక ఉద్యోగం, కాకినాడ వైపు మూడు నెలల శిక్షణ, చొక్కా జేబులో రెండు పెన్నులు. శిక్షణలో మమ్మల్ని పడవెక్కించి, గోదావరి సముద్రంలో కలిసే చోటు చూపించారు. అక్కడి నీళ్లలో కంటికి ఆనని పచ్చని నలుసులు పెరుగుతాయనీ, వాటిని తినే పురుగులను చేపలు తింటాయనీ, ఆ నలుసులకు తిండి మాత్రం ఎగువ ఊళ్ల నుంచి కొట్టుకొచ్చే పేడ, ఆకులు, ఒండ్రుమట్టేననీ మాస్టారు చెప్పారు. కరీంనగర్ వాణ్ని, నా ఛాతీ పొంగిపోయింది. సముద్రాన్ని పోషిస్తున్నది మేమేనన్నమాట!

నన్ను మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో వేశారు. అక్కడొక కుంటలో చేపపిల్లలు వదిలి పెంచాలి. మా శాఖ పెద్దసారు వచ్చి చూసి బాగున్నాయంటేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది. ఊళ్లో చేపలు పట్టి బతికే కుటుంబాలకు పెద్దదిక్కు ఒక ముసలాయన, అందరూ వల తాత అనేవారు. (భుజం మీద వల లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.) చేరిన రోజే ఆయన్ను కూర్చోబెట్టి సముద్రం పాఠం మొత్తం చెప్పాను.

"అంటే సారూ, మా బర్రెలు గోదాట్లె ఏసిన పెండ సముద్రం దాంక పోతదా?"

"పోతుంది తాతా." (కాకినాడలో అంటుకున్న భాష ఇంకా నా నోరు వదల్లేదు.)

"గాడ దానితోని చేపలు బలుస్తయా?"

"బ్రహ్మాండంగా."

తాత గోదావరి వైపు చెయ్యి చాపాడు. "ఇన్నేండ్ల సంది మన పెండ గాళ్లకు ముఫత్‌గ పోతున్నదన్నట్టు, పైస లేకుంట! మన పెండ సముద్రానికెందుకు సారూ?"

మర్నాటి నుంచి ఊరి బర్రెలన్నీ గోదావరి మానేసి నా కుంటలో దిగాయి. నలభైకి తక్కువ ఉండవు. అంత చిన్న కుంటకు అప్పుడప్పుడూ ఒక గంప పేడ చాలునని నా పుస్తకంలో ఉంది. కానీ నా మాట విని ఒక ఊరు ఊరంతా కదలడం జీవితంలో అదే మొదటిసారి, వద్దనడానికి నోరు రాలేదు. వారం తిరిగేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. తాత భార్య వచ్చి చూసి, "గివి నీళ్లా, పాలకూర పప్పా?" అంది. నేను మాత్రం మురిసిపోయి, వచ్చి చూడమని పెద్దసారుకు ఉత్తరం రాశాను.

ఆయన వచ్చే ముందు మూడు రోజులు మబ్బు. నాలుగో రోజు తెల్లవారి కుంటకు వెళితే చేపపిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. "చూశావా తాతా, సారుకు స్వాగతం చెబుతున్నాయి!" అన్నాను.

తాత వల కింద పడేశాడు. "సాగతం గాదు బిడ్డా, వాటికి ఊపిరి అందుతలే!"

ఎండ లేకపోతే, రాత్రయితే ఆ పచ్చని నలుసులు కూడా నీళ్లలోని ఊపిరినే పీల్చుకుంటాయట. (ఆ పాఠం రోజు నేను పడవలో నిద్రపోయాను.) తాత పార అందుకుని కుంట పక్కనే పారే వాగు గట్టు తెంపాడు, కొత్తనీళ్లు దూకాయి. మురికి నీళ్లు గోదావరిలోకి పోవడానికి తూము తలుపు ఎత్తించాడు. ఊరంతా కొమ్మలతో నీళ్లు బాదింది. నేనూ ఇస్త్రీ ప్యాంటుతో నడుము లోతు దిగి బాదాను. చేపలు తేరుకున్నాయి. తేరుకుని, తూములోంచి వరసగా గోదావరిలోకి పోయాయి. చేపలు పోకుండా తూముకు ఉండాల్సిన ఇనప జాలీ నా గది కిటికీకి ఉంది, దోమలు రాకుండా.

పెద్దసారు పది గంటలకు వచ్చారు. "చేపలేవయ్యా?"

నేను తడిసిన ప్యాంటు పిండుకుంటున్నాను. తాతే చెప్పాడు: "సముద్రానికి పోయినయ్ సారూ. ఇన్నేండ్ల పెండ వసూలు జేసుకొస్తయ్."

పెద్దసారు నవ్వు ఆపుకోలేక తిరిగి జీపెక్కారు. ఉద్యోగం పోలేదు, ఖాయం మాత్రం ఇంకో ఏడాది ఆగింది. నేను ఏడుపు మొహంతో కూర్చుంటే తాత నా పక్కనే కూర్చున్నాడు. "ఫికర్ జేయకు. సచ్చినయా? బతికినయ్ గదా. గోదాట్లె మాకే దొరుకుతయ్ తియ్." ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే ఇంత గుర్తుండేవాడు కాదేమో. ఆ ఏడాదంతా గంపెడు పేడ వేయాలన్నా ఆయన్ను అడిగే వేశాను.

రిటైరయ్యాక ఒకసారి గోదావరి కలిసే ఆ చోటికి మళ్లీ వెళ్లాను. నీళ్లు పచ్చగానే ఉన్నాయి. దోసిట్లోకి తీసుకుని అలాగే చూస్తున్నాను. "ఏంటండీ అంతలా చూస్తున్నారు?" అన్నాడు పడవవాడు. రెండు పెన్నుల కుర్రాడైతే గంట పాఠం చెప్పేవాడు. నేను "మా ఊరిది" అని మాత్రం అన్నాను. తాత లేడు, చాలా ఏళ్లయింది. "ఇంకా ముఫత్‌గనే పోతున్నది తాతా" అని మెల్లగా చెప్పి, ఆ నీళ్లు మళ్లీ నీళ్లలోనే వదిలేశాను.