ఏడవడానికి ఇచ్చిన వేళ

మొన్న ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, పచారీ కొట్టు ముందు మూతి విప్పి పెట్టిన సంచిలోంచి కరక్కాయల వాసన ముక్కుకు తగిలింది. వగరూ చేదూ కలిసిన ఆ వాసనకి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "ఏం గావాలమ్మా?" అని కొట్టాయన అడుగుతూనే ఉన్నాడు. ఏం కావాలని చెప్పను? మా అమ్మ బుగ్గన ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క ఉండేది. ముద్దు పెట్టుకున్నా, తిట్టినా, జడ వేస్తూ నా మీదికి వంగినా, అమ్మ దగ్గర ఆ వాసనే వచ్చేది.

గొంతే మా అమ్మ బతుకుతెరువు. ఏలూరు పక్క పల్లె నుంచి పెళ్లి చేసుకుని ఫిల్మ్‌నగర్ వచ్చిన మా అమ్మ గ్రేసమ్మ, చర్చిలో పాడిన గొంతుతో సినిమాల్లోనూ పాడదామనుకుంది గానీ, ఆవిడకి దొరికింది ఏడుపు. ఊరు వరదలో కొట్టుకుపోతే తెర మీద జనం గొల్లుమంటారే, ఇల్లు తగలబడితే "ఎవరైనా రండయ్యా, కాపాడండి" అని అరుస్తారే, ఆ గుంపు గొంతుల్లో ఒకటి మా అమ్మది. రానురాను ఆ గుంపుని కూర్చి డబ్బింగుకి తీసుకెళ్లే పని కూడా ఆవిడకే వచ్చింది. కృష్ణానగర్ నుంచి, యూసుఫ్‌గూడ నుంచి ఆడవాళ్లు వచ్చి, మా మేడ మీద రేకుల గదిలో చాపలు పరుచుకుని ఏడుపు నేర్చుకునేవాళ్లు.

నవ్వకండి, అది చిన్న విద్య కాదు. అప్పగింతల ఏడుపు వేరు, శవం దగ్గర ఏడుపు వేరు. మొగుడు పోయిన ఏడుపులో ఊపిరి తీసే చోటు ఒకటి, బిడ్డ పోయిన ఏడుపులో ఇంకొకటి. కోస్తా కథైతే "ఓరి నాయనోయ్" అనాలి, తెలంగాణ కథైతే "ఓ కొడుకో" అని సాగదీయాలి. ఈ రెండోది మా అమ్మకి నేర్పింది పక్కింటి లింగయ్య సారు భార్య సత్తెమ్మగారు, పిట్టగోడకి అటువైపు నిలబడి, ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూ.

నాన్న షూటింగులకి వ్యాను నడిపేవాడు. పని లేని రోజున అల్లం దంచి టీ కాచి, గ్లాసులన్నీ పళ్లెంలో పెట్టుకుని మేడెక్కి, "ఏడ్చి ఏడ్చి అలిసిపోయారు, తాగండమ్మా" అనేవాడు. అప్పటిదాకా గుండెలు బాదుకున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. వానాకాలం రేకుల మీద చినుకుల హోరులో ఎంత ఏడ్చినా చప్పుడు గడప దాటేది కాదు. డిసెంబరు వచ్చిందంటే ఆ గదిలోనే కిరసనాయిలు స్టవ్వు పెట్టి, గులాబి పువ్వులూ కజ్జికాయలూ వండి, మొదటి పళ్లెం పిట్టగోడ మీదుగా సత్తెమ్మగారికి అందించేవాళ్లు. బతుకమ్మకి అటునుంచి నువ్వుల ముద్దలూ మలీద ముద్దలూ వచ్చేవి. మేం పిల్లలం దాగుడుమూతల కంటే ఏడుపు పందెం ఎక్కువ ఆడేవాళ్లం. ఎవరికి ముందు కన్నీళ్లొస్తే వాళ్లు గెలిచినట్టు.

అందరి కిటికీలూ బార్లా తెరిచి ఉండే ఎండాకాలంలో వచ్చింది చిక్కు. ఆ ఏడు లింగయ్య సారు రిటైరై ఇంటిపట్టున కూర్చున్నాడు.

"దినాం సావింటి లెక్క ఏంది గ్రేసమ్మా ఈ లొల్లి! బుక్క నోట్ల వెట్టుకుంటే మింగవడ్తలేదు. ఇది ఇండ్లుండే జాగ, దుకాణం కాదు."

ఆయన్ని ఏమనగలం? పొద్దస్తమానం శవం ముందు ఏడుపు వింటూ ఎవరికి మాత్రం ముద్ద దిగుతుంది! కానీ అమ్మకి వేరే గది ఎక్కడుంది? మునిసిపాలిటీకి కాగితం వెళ్లింది, ఓ రోజు ఆఫీసరు వచ్చాడు.

"ఏం బిజినెస్ నడుపుతున్నరమ్మా ఈడ?"

"ఏడుపండి," అంది అమ్మ.

ఆయన వెక్కిరింత అనుకుని మొహం గంటు పెట్టుకున్నాడు. అమ్మ బుగ్గలో ముక్క తీసి చేతిలో పట్టుకుని, నిలబడ్డ చోటే కొడుకు పోయిన తల్లి ఏడుపు ఏడ్చి చూపించింది. పాపం, ఆ మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "జర బంద్ జెయ్యమ్మా, మా అమ్మ యాదికొస్తుంది" అన్నాడు. అన్నాడే గానీ, ఇళ్ల మధ్య వ్యాపారం కుదరదనీ, ఇంకో ఫిర్యాదొస్తే గదికి సీలు వేస్తామనీ చెప్పి మరీ వెళ్లాడు. ఆ గది పోతే అమ్మ పనీ పోయినట్టే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

నాన్న ఊరుకోలేదు. గల్లీ పెద్దల్ని బతిమాలి లింగయ్య సారు వరండాలోనే కూర్చోబెట్టాడు. తర్జనభర్జన పడి చివరికి ఒక మాటకొచ్చారు: పొద్దున టిఫిన్లయ్యాక మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాలకి ముగించాలి, ఆ వేళలో ఎంత ఏడ్చినా ఎవరూ నోరెత్తకూడదు. అందరూ చల్లబడ్డారు. నాన్న అల్లం టీ పోశాడు. ఆ మర్నాటి నుంచి ఆ వేళయ్యేసరికి గల్లీలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకునేవి, టీవీల మోత పెరిగేది.

కొన్నాళ్లకి ఒక రోజు డబ్బింగేదీ లేక ఆడవాళ్లెవరూ రాలేదు. నాకు బడి సెలవు. నాన్న మేడ మీద చాపలు దులుపుతూ "చిన్నీ, మంచినీళ్లు తేమ్మా" అన్నాడు. నేను చెంబు తీసుకెళ్లేసరికి మెట్ల మీద కూలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట, చెయ్యి గుండె మీద. నా కేకకి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని ఒక్క చూపు చూసి, పిట్టగోడ దగ్గరికి ఉరికి అరిచింది.

"ఎవరైనా రండయ్యా! కాపాడండి! మా ఆయన పోతున్నాడు, రండయ్యా!"

ఇంకేమని అరుస్తుంది? ఎన్నేళ్లుగానో ఎందరికో నేర్పిన మాటలవి, ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా అవే నోటికొచ్చాయి. ఎదురు మేడ మీద కిటికీ తెరుచుకుంది, ఎవరో తొంగి చూశారు, మళ్లీ మూసుకుంది. నేను లింగయ్య సారు గేటు దగ్గరికి పరుగెత్తాను. లోపల గొళ్లెం. టీవీ హోరులో నా పిడికిళ్ల చప్పుడు ఎవరికి వినబడుతుంది? వెనక అమ్మ అరుస్తూనే ఉంది. చివరికి సవారీని దింపి వెళ్తున్న ఒక ఆటో అతను, ఆ గల్లీకి కొత్త, మా సంగతి తెలియదు గనక ఆగాడు. ఆసుపత్రి చేరేలోపే నాన్న పోయాడు.

సాయంత్రం లింగయ్య సారు వచ్చి మా గుమ్మంలో చతికిలబడ్డాడు. "ప్రాక్టీసనుకున్నం బిడ్డా. మనం అనుకున్న టైమే గదా అని..." అన్నాడు. సత్తెమ్మగారు తల బాదుకుంది: "ఇయ్యాల మస్తు మంచిగ ఏడుస్తుందనుకున్న. గట్లనుకున్న, దేవుడా!"

సమాధి మీద మట్టి పోస్తుంటే కృష్ణానగర్ ఆడవాళ్లందరూ నిజంగా ఏడ్చారు. అమ్మ గొంతులోంచి మాత్రం చప్పుడు లేదు. ఏ ఆఫీసరూ సీలు వేయనక్కర్లేకపోయింది, రేకుల గదికి ఆవిడే తాళం వేసింది, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోవడమూ మానేసింది.

ఈమధ్య ఆ గల్లీలోకి వెళ్లి చూశాను. లింగయ్య సారు ఇల్లు ఇప్పుడు కాఫీ షాపు, మా ఇంటి చోట జిమ్ము, ఎదురు మేడలో బట్టల దుకాణం. పొద్దున్నుంచి పాటలు, జనరేటర్లు, హారన్లు. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయరు, అక్కడ కాపురాలే లేవు గదా. సినిమాల్లో గుంపు ఏడవాలంటే ఎప్పుడో రికార్డు చేసిన ఏడుపుని కంప్యూటర్లోంచి తీసి అతికిస్తున్నారట.

అమ్మా నేనూ షేక్‌పేటలో ఒక ఫ్లాటులో ఉంటున్నాం. కిందటి వానాకాలం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ స్నానాల గదిలో జారిపడి, కాలు కదలక, తడి నేల మీద పొద్దుట్నుంచీ అలాగే పడి ఉంది. గోడకి అవతల మనుషులున్నారు, వాళ్లింట్లో గిన్నె పడినా మాకు వినిపిస్తుంది.

"ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొచ్చేవాళ్లు గదమ్మా! ఎందుకు పిలవలేదు?" అని నేను భోరుమన్నాను.

"పిలిస్తే ఎవరొస్తారే," అంది అమ్మ, గొంతు పెంచకుండా. "ముందు నువ్వా ఏడుపాపు. పక్కవాళ్లు వింటారు."