మరిది పీకేసిన బ్రీదర్ పైపు

మా మరిదికి నా కారు మీద అసూయ లేదు. ఆ కారు నేను నడపడం చూస్తేనే ఒళ్ళు మంట. మెట్టుగూడలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ మా ఆయనా, పైన మరిది కుటుంబం. గేటు ఒకటే, కారు షెడ్డూ ఒకటే. ఆ షెడ్డులో నా పాత టర్బో పెట్రోల్ కారు ఉంటుంది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన జీతంతో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. దానికోసమే కొన్నాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు.

అలాంటి బండిని తిప్పుకుని వదిలేస్తే నిలవదు. ముఖ్యంగా దాని ఊపిరి సరిగ్గా ఆడాలి. ఇంజన్‌లో పెట్రోలు మండినప్పుడల్లా కొంత పొగ పిస్టన్ పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. అది పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను బయటికి నెట్టేస్తుంది. అందుకని రబ్బరు పైపులు పెట్టి ఆ పొగను మళ్ళీ ఇంజన్‌లోకే పంపి కాల్చేస్తారు. మెకానిక్‌లు బ్రీదర్ పైపు అంటారు. దారి మధ్యలో బొటనవేలంత వాల్వ్ ఒకటి ఉంటుంది. పొగను ఒక్క వైపుకే పోనిస్తుంది, టర్బో గాలి ఎదురు తన్నితే మూసుకుంటుంది.

ఏటా వానలకు ముందు ఆ పైపులు విప్పి, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ఎక్కడైనా చిట్లిందేమో అని వంచి చూసేదాన్ని. వాల్వ్‌ను చెవి దగ్గర ఊపితే లోపల టిక్కుటిక్కుమనాలి. ఆయిల్ మూత కింద తెల్లగా వెన్నలా పేరుకుంటే ఇంజన్ సరిగ్గా వేడెక్కడం లేదని అర్థం. కాలేజీకి, ఇంటికి మధ్య ఉన్న కాస్త దూరంలో అది వేడెక్కదు. అందుకే ఆదివారం పొద్దున్నే ఊరి బయట శామీర్‌పేట దాకా వెళ్ళి వచ్చేదాన్ని.

నేను షెడ్డులో ఈ పని పెట్టుకున్నప్పుడల్లా మా మరిది టీ గ్లాసుతో మెట్ల మీదికి దిగేవాడు.

"ఏంది వదినా, ఇంజన్‌కు తలంటు పోస్తున్నవా?"

నేను పైపు వంచి చూసుకుంటూ ఉండేదాన్ని.

"గా పైపులన్నీ పీకి పారెయ్. జెర మంచి ఫిల్టర్ పెట్టుకో. రేసు బండ్లకు గట్లనే ఉంటది."

"ఇది రేసు బండి కాదు. నువ్వు పైకి వెళ్ళి నీ పని చూసుకో."

"మీ తెనాలోళ్ళతోని మాట్లాడుడే పరేషాన్" అని వెళ్ళిపోయేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి నా జుట్టు నెరిసింది. అతనికి కోపం వస్తే మాత్రం నేనింకా తెనాలి మనిషినే.

కిందటేడు మా అమ్మకు కంటి ఆపరేషన్ అని తెనాలి వెళ్ళాను. కారు తాళం చెవి ఇంట్లోనే ఉంది. తిరిగొచ్చిన మర్నాడు కూరగాయలకని మోండా మార్కెట్ వైపు బయలుదేరాను. కాస్త దూరం పోగానే ఏసీలోంచి మాడిన నూనె వాసన. మార్కెట్ దగ్గరకు వచ్చేసరికి బానెట్ అంచుల్లోంచి నీలంగా పొగ. పక్కకు ఆపి దిగాను. ఆపింది ఉల్లిపాయల బండి ముందు.

"మేడమ్, బండి తియ్యి! గిరాకీ ఖరాబైతది!" అని అతను అరిచాడు. వెనక ఆటోవాడు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఇద్దరిని చూసి నేనూ అరిచాను. ఏమన్నానో గుర్తులేదు గానీ ఆటోవాడు హారన్ ఆపాడు.

బానెట్ ఎత్తితే నా పైపులు లేవు. వాల్వ్ లేదు. వాటి చోట ఎర్రగా మెరిసే చిన్న ఫిల్టర్ ఒకటి. పొగ మళ్ళీ ఇంజన్‌లోకి పోయే రంధ్రంలో బోల్టు దూర్చి టేపు చుట్టారు. ఫిల్టర్ అప్పటికే ఆయిల్‌తో తడిసి సగం పూడుకుపోయింది. అందులోంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కింద కాలుతున్న సైలెన్సర్ పైపు మీద పడుతోంది. చల్లారేదాకా నిలబడి, గుడ్డతో తుడిచి, మెల్లగా ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం మరిది కోసం కాచుకుని కూర్చున్నాను. అతనికంటే ముందు గేటు దగ్గరికి ఎవరో కొత్త మనిషి వచ్చాడు.

"టర్బో బండి చూద్దామని వచ్చిన మేడమ్. ఫొటోల ఎర్ర ఫిల్టర్ చూపించిండ్రు గద?"

"ఎవరు చూపించారు?"

"గీ పైన ఉండే సార్. అమ్ముతమన్నడు."

నేను వెనక్కి తిరిగాను. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆశ్చర్యపోలేదు. నా ముఖం చూడకుండా నేలవైపు చూశాడు. దాంతో నాకు తెలిసిపోయింది, ఈయనకు ముందే తెలుసని.

"బండి నా పేరు మీద ఉంది. అమ్మడం లేదు" అని వచ్చినతనికి చెప్పాను.

"మరి నన్నెందుకు రమ్మన్నరు? నాకేం పని లేదనుకున్నరా?" అని అతను నా మీదికే లేచాడు. బానెట్ ఎత్తి, ఆయిల్ కారుతున్న చోటు చూపించాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడే మరిది వచ్చాడు. దాపరికం ఏమీ లేదు. మౌలాలిలో అతని దోస్తు గ్యారేజీలో చేయించాడట.

"ఫొటోల మంచిగ కనవడాలని పెట్టించిన. నీ మంచికే వదినా. గీ వయసుల నీకు గిసొంటి బండెందుకు? చిన్నది ఆటోమేటిక్ తీస్కో, ఆరామ్‌గ తిరుగు. అన్న సుత సరే అన్నడు."

"నా పైపులేవి?"

"గా పాత రబ్బర్లా? పారేసిన్రు."

"నీ వస్తువు నేను అలా పారేస్తే ఊరుకుంటావా?"

"వస్తువు వస్తువంటవ్. ఇంట్ల మనిషివి, గింత లొల్లి చేస్తవేంది?"

మా ఆయన మధ్యలోకి వచ్చి, "పోనీ, ఇంక వదిలెయ్" అన్నాడు నాతో. తమ్ముడితో ఒక్క మాట అనలేదు.

మర్నాడు బండి సామాన్లు దొరికే రాణిగంజ్ వెళ్ళాను. మొదటి దుకాణం అతను నేను అడిగింది పూర్తిగా వినకుండానే, "గా బండి సామాన్ బంద్ అయ్యింది మేడమ్, కొత్త బండి తీస్కోండి" అన్నాడు. అందరూ నాకు కొత్త బండి అంటగట్టేవాళ్ళే. మూడో దుకాణంలో పెద్దాయన ఒక రేకు డబ్బా బోర్లించి వెతుక్కోమన్నాడు. దొరికిన వాల్వ్‌ను తుడిచి నోటితో ఊది చూశాను. రెండు వైపులా గాలి పోతోంది. పనికిరాదు.

"నోట్ల వెట్టకండి మేడమ్, గలీజు ఉంటది" అని ఆయన విసుక్కున్నాడు.

ఇంకొకటి ఊదాను. ఒక వైపు పోయింది, తిప్పి ఊదితే ఆగింది. అదీ, ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు పైపూ, క్లిప్పులూ తీసుకుని వచ్చాను.

బోల్టు టేపుతో బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. చెయ్యి గీసుకుంది. మరిది మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. అతని చేతిలో ఆ రోజు టీ గ్లాసు లేదు. ఎర్ర ఫిల్టర్ ఊడదీసి అతని బైకు సీటు మీద పెట్టాను. ఆయిల్ సీటంతా పాకింది.

"ఏందిది?"

"నీ వస్తువు. పారెయ్యలేదు, చూసుకో."

అతను తిట్టాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. నేను క్లిప్పులు బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాను. పొగ ఆగింది, వాసనా పోయింది. ఆయిల్ కారడం మాత్రం ఆగలేదు. ఫిల్టర్ పూడుకుని పెరిగిన ఒత్తిడికి ఇంజన్ వెనక సీలు దెబ్బతింది. గేర్‌బాక్స్ దించి మార్చాల్సి వచ్చింది. ఆ పని జరిగినన్నాళ్ళూ కాలేజీకి బస్సులో నిలబడి వెళ్ళాను. రోజూ అతన్ని తిట్టుకుంటూనే వెళ్ళాను.

తరవాత మరిది పక్క సందు వైపు గోడ పగలగొట్టించి వేరే గేటు పెట్టుకున్నాడు. పండగలకు పైనుంచి గిన్నె రావడం లేదు, కిందనుంచి పోవడం లేదు. మెట్ల మీద ఎదురైతే ఎవరో ఒకరం గోడవైపు తిరుగుతాం.

"ఇంత చిన్న పైపు కోసం ఇల్లు రెండు చేశావు" అన్నాడు మా ఆయన ఒకరోజు భోజనం దగ్గర.

"పైపు చిన్నదే. మీకు తెలిసీ నాకు చెప్పకపోవడం చిన్నది కాదు."

ఆయన పెరుగు కలుపుకున్నాడు. "వాడితో ఎప్పటికైనా మాట్లాడాలి కదా" అన్నాడు.

"మాట్లాడాలని ఉంటే మీరు మాట్లాడండి" అన్నాను.

నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని ప్రయత్నించలేదు కూడా. ఈ వానలకు ముందు పైపులు విప్పి కడిగినప్పుడు షెడ్డు తలుపు లోపలినుంచి గడియ పెట్టుకున్నాను.