నిచ్చెన గీతలు

"ఏం పని చేస్తావ్?" అని ఎవరైనా అడిగితే చాలు, యాయట్ ఛాతీ విరుచుకుని "ప్రోగ్రాములు రాస్తాను" అనేవాడు. విన్నవాళ్ళు అతన్ని ఎగాదిగా చూసేవాళ్ళు. చేతులకి గ్రీజు, జేబులో టెస్టర్, నడుముకి పనిముట్ల సంచి, ఈయన ప్రోగ్రామరట! గారుత్ కొండల్లో రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర పని నేర్చుకుని, చికరాంగ్ పట్నం వచ్చి బిస్కెట్ ఫ్యాక్టరీలో వైరింగ్ కూలీగా చేరి, మిషన్లను ఆడించే విద్యను నానా తంటాలు పడి పట్టుకున్నాడు. ఆ మాత్రం గర్వం ఉండదా మరి?

అతను రాసేది చూడ్డానికి అచ్చం నిచ్చెనలా ఉంటుంది. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు. ఒక్కో మెట్టు మీద కొన్ని షరతులు. పిండి వచ్చిందా, బెల్టు తిరుగుతోందా, తలుపు మూసి ఉందా? అన్నిటికీ అవునంటేనే ఆ మెట్టు చివరనున్న మోటారు తిరుగుతుంది. దేనికి కాదన్నా ఆగిపోతుంది. గీయడం అయ్యాక యాయట్ దాన్ని లాప్‌టాప్ నుంచి మిషన్‌లోకి ఎక్కిస్తాడు.

కంప్యూటర్ విభాగానికి పెద్ద హెంద్రవాన్. యాయట్ ఏటా ఆయన గదికి వెళ్ళి నిలబడేవాడు. పెద్దవాళ్ళని 'అయ్యా' అన్నట్టు అక్కడ 'పాక్' అంటారు.

"పాక్, నన్ను కూడా మీ ప్రోగ్రామర్లలో కలుపుకోండి."

"భాషంటే మాటలుండాలి యాయట్. నీవన్నీ గీతలు. ఎలక్ట్రీషియన్ గీసే బొమ్మకీ వీటికీ తేడా ఏముంది?"

"షరతులున్నాయి, లెక్కలున్నాయి, జరిగింది గుర్తుపెట్టుకోవడం ఉంది. ఇంకేం కావాలి పాక్, కొమ్ములా?"

గదిలో ఉన్నవాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. హెంద్రవాన్ కూడా నవ్వి, వెళ్ళి మిషన్ చూసుకోమనేవాడు. ఆ నవ్వుకి యాయట్ ఒళ్ళు మండిపోయేది.

ప్రోగ్రాంలో ఏం మార్చినా ఇంకొకరు పరీక్షించి చూడాలని ఫ్యాక్టరీలో నియమం. నిచ్చెనని ప్రోగ్రాంగా లెక్కవేయలేదు కాబట్టి దానికా నియమం వర్తించలేదు. మొదట్లో యాయట్ అదీ అవమానంగానే తీసుకున్నాడు. రానురాను అదే హాయనిపించింది. అడిగేవాడెవడు? ఎప్పుడు కావాలంటే అప్పుడు గీసేవాడు, చెరిపేవాడు.

బిస్కెట్లు కోసే మిషన్ దగ్గర తేతి పనిచేసేది. అతన్ని అన్న వరసన 'కాంగ్' అని పిలిచేది గానీ, ఏడిపించడం మొదలుపెడితే వదిలేది కాదు.

"ఏం కాంగ్, పొద్దున్నుంచీ నిచ్చెన ఎక్కుతూనే ఉన్నావ్. పైన మామిడికాయలేమైనా దొరికాయా?"

"నోర్ముయ్. నేను గీయకపోతే నీ మిషన్ పడుకుంటుంది."

"పడుకోనీ పాపం. ఈ ఫ్యాక్టరీలో అదొక్కటైనా కంటినిండా పడుకుంటుంది."

ఉపవాసాల నెల వచ్చింది. పండక్కి ముందు బిస్కెట్లకి ఎంత గిరాకీయో చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే కోత మిషన్ తలుపు మూసి ఉందో లేదో కనిపెట్టే సెన్సార్ పాడైంది. తలుపు మూసే ఉన్నా మిషన్ మాటిమాటికీ ఆగిపోతోంది. సూపర్‌వైజర్లు నెత్తినెక్కి కూర్చున్నారు. యాయట్ నిచ్చెన తెరిచి, ఆ తలుపు షరతును తప్పించేలా పక్కనుంచి ఒక గీత లాగాడు. ఇక తలుపు బార్లా తెరిచినా మిషన్ మూసి ఉందనే అనుకుంటుంది. అలాంటి గీత గీసినవాడు మిషన్ పెట్టె మీద ఎర్ర టేపు అంటించాలని పనివాళ్ళు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. టేపుంటే తలుపును నమ్మొద్దని అర్థం. యాయట్ టేపు అంటించాడు. తేతి అది చూసుకుని ఆ రోజులన్నీ జాగ్రత్తగానే ఉంది.

కొత్త సెన్సార్ వచ్చేసరికి యాయట్ సెలవులో ఉన్నాడు. ఇంకో మెకానిక్ దాన్ని బిగించి, పనైపోయింది కదా అని టేపు పీకేశాడు. లోపలి గీత సంగతి అతనికి తెలియదు. మర్నాడు యాయట్ వచ్చి చూస్తే టేపు లేదు. సెన్సార్ మార్చినవాడే గీత కూడా చెరిపి, టేపు తీసేసి ఉంటాడనుకున్నాడు. లాప్‌టాప్ తెరిచి ఒక్కసారి చూసుకోవాల్సింది. చూడలేదు.

ఆ మధ్యాహ్నం పిండి ఇరుక్కుని మిషన్ ఆగింది. తేతి తలుపు తీసి కుడిచెయ్యి లోపల పెట్టింది. పిండి ముద్ద కదలగానే మిషన్ తిరిగింది. ఆ కేక విని షెడ్డంతా పరుగెత్తింది. యాయట్ చేరేసరికి ఆమెకి మణికట్టు కింద ఏమీ మిగల్లేదు.

ఆమెను తీసుకెళ్ళాక అతను లాప్‌టాప్ తెరిచాడు. గీత అక్కడే ఉంది. వెనక నిలబడ్డ హెంద్రవాన్ కూడా చూశాడు. చూసి, అతన్ని తన గదికి తీసుకెళ్ళి తలుపేశాడు.

"ఇది ప్రోగ్రాం అయితే, పరీక్షించకుండా మార్చినందుకు నువ్వు జైలుకి పోతావ్. చూసుకోనందుకు నేను ఇంటికి పోతాను. ప్రోగ్రాం కాదంటే ఇద్దరం బతుకుతాం. ఆ గీత చెరిపెయ్."

"మరి తేతి?"

"ఎర్ర బటన్ నొక్కకుండా తలుపు తీసింది. తప్పు ఆమెదే అవుతుంది."

తలుపు తీసేముందు ఎర్ర బటన్ నొక్కాలని గోడమీద బోర్డుంది. ఆ షెడ్డులో దాన్ని నొక్కిన పుణ్యాత్ములు లేరు. తలుపు తీస్తే ఆగుతుందని అందరికీ నేర్పిందే యాయట్.

యాయట్‌కి ఇద్దరు పిల్లలు. గీత చెరిపేసి వచ్చి, ఆ రాత్రంతా వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు కార్మిక శాఖ అధికారి వచ్చి, ఈ మిషన్ ప్రోగ్రాంలో ఈమధ్య ఏమైనా మార్చారా అని అడిగాడు.

"ఇందులో ప్రోగ్రామేం లేదు పాక్. వైరింగ్ బొమ్మ, అంతే" అన్నాడు యాయట్.

ఛీ! ఏ మాట ఒప్పించాలని ఆ గది గడప అరిగేలా తిరిగాడో, ఆ మాటని తన నోటితోనే కాదనేశాడు. హెంద్రవాన్ తల పంకించాడు. అధికారి బోర్డును ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పండక్కి యాయట్ గారుత్ వెళ్ళలేదు. తేతి అద్దె గదికి వెళ్ళాడు. ఆ రోజు ఎవరింటికి ఎవరు వెళ్ళినా ముందు చేతులు కలిపి క్షమాపణ అడగడం ఆనవాయితీ. "తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే మన్నించు తేతీ" అన్నాడు.

"మన్నించాను కాంగ్. నువ్వూ నన్ను మన్నించు" అందామె ఎడమచెయ్యి చాస్తూ. అతన్ని చాపమీద కూర్చోబెట్టింది.

"కాంగ్, తప్పు నాదేనని తేల్చారట. మా అమ్మేమో ఒప్పుకోదు. ఆ మిషన్ సంగతి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు చెబితే నమ్ముతాను. తలుపు తీస్తే ఆగుతుందనుకోవడం నా తప్పేనా?"

యాయట్ నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"నీ తప్పే తేతీ. బటన్ నొక్కాల్సింది."

"అంతేలే. నా బుద్ధి గడ్డి తింది" అంది ఆమె. కొబ్బరాకుల్లో ఉడికించిన అన్నం, కోడికూర ఉన్న పళ్ళెం ఎడమచేత్తో అతని ముందుకి జరిపింది.

"తిను కాంగ్, చల్లారిపోతుంది."

యాయట్ తిన్నాడు.