విమానానికి కట్టిన నల్లతాడు

మా తోడల్లుడు విమానం కడుతున్నాడని విన్నప్పుడు నవ్వాను. నిడదవోలులో హార్డ్‌వేర్ కొట్టు నడుపుకునే మనిషి, వెనక గోడౌన్లో అల్యూమినియం గొట్టాలూ ప్లైవుడ్డూ పోగేసుకుని ఇద్దరు కూర్చునే విమానం చేస్తానంటే ఎవరు నమ్ముతారు? కొన్నేళ్ళకి అది నిజంగానే రెక్కలతో నిలబడింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

న్యాయంగా అయితే విమానం నేను కట్టాలి. రాజమండ్రిలో ఇంజనీరింగ్ కాలేజీలో గాలి ప్రవాహాల పాఠం చెప్పేది నేను. అత్తవారింట్లో పెద్దల్లుణ్ణీ నేనే. అయినా మా అత్తగారి చేతి మొదటి గారె ఎప్పుడూ అతని విస్తట్లోనే పడుతుంది. అతను వస్తే వీధి వీధంతా పలకరిస్తుంది. నేను వస్తే ఎదురింటి కుక్క మొరుగుతుంది.

అలాంటివాడు ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, "అన్నయ్యగారూ, అది ఎంత స్పీడులో పోతుందో మీరే లెక్క కట్టి చెప్పాలండి" అన్నాడు. కుళ్ళుకుంటూనే ఒప్పుకున్నాను. అంత విమానంలో నాదంటూ ఆ ఒక్క అంకె అయినా ఉంటుంది కదా అనుకున్నాను.

ఇంజను ముందుకు లాగుతుంది, గాలి వెనక్కి పట్టి ఉంచుతుంది. రెండూ సరిసమానమైన చోట వేగం నిలబడుతుంది. గాలి పట్టు ఎంతో తేలాలంటే దానికి తగిలే ప్రతిదాన్నీ విడివిడిగా చూడాలి. రెక్కలు, ఒళ్ళు, తోక, చక్రాలు. అన్నిటికన్నా దొంగవి గుండ్రటి తీగలూ గొట్టాలూ. సన్నగా, అమాయకంగా కనిపిస్తాయి గానీ వాటికన్నా ఎన్నో రెట్లు మందమైన రెక్క పట్టేంత గాలిని పట్టేస్తాయి. అందుకే చక్రాల కాళ్ళకి చేప ఆకారంలో తొడుగులు వేయించాను. అన్నీ కూడి గంటకి నూట ముప్పై కిలోమీటర్లన్నాను. అతను ఆ అంకెని గోడౌన్ తలుపు మీద పెద్దక్షరాలతో రాయించాడు. అది చూశాక కడుపుమంట కొంచెం తగ్గింది.

అనుమతులన్నీ వచ్చాక విమానాన్ని లారీలో వేసి మెట్ట ప్రాంతంలో ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్పుకి చేర్చారు. వెనక వ్యాన్లో పులిహోర డబ్బాలతో మేమంతా. పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నడపడానికి వచ్చిన రిటైర్డు పైలట్‌గారు గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి పోయి, రెండిటి సగటు చెప్పారు. నూట ఇరవై నాలుగు.

విమానం ఎగిరిందని అందరూ అతన్ని వాటేసుకుంటున్నారు. మా అత్తగారు మాత్రం నా దగ్గరికొచ్చి, పుస్తకాల్లో ఉన్నట్టే బయటా ఉండాలని ఎక్కడుంది బాబూ అని ఓదార్చారు. ఆ ఓదార్పు తిట్టుకన్నా ఎక్కువ మండింది. వెళ్ళి విమానం కింద కూర్చుని ప్రతి అతుకూ తడిమాను.

అప్పుడు కనపడింది. రెండు చక్రాల కాళ్ళకీ మధ్య, లారీలకి కట్టినట్టు, గవ్వలు కుట్టిన లావుపాటి నల్లతాడు. పూజయ్యాక అత్తగారు దగ్గరుండి కట్టించారు. పైలట్‌గారు లాగి చూసి, గట్టిగానే ఉందని వదిలేశారు. ఆ పక్కనే నిలబడి హారతి కళ్ళకద్దుకున్న నాకు, అది కూడా గాలికి తగిలేదేనని తట్టనే లేదు.

ప్రాణం లేచొచ్చింది. తాడు విప్పించమన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు.

"ఇక్కడ దిష్టి పెట్టేవాళ్ళు ఎవరున్నారండీ, అందరూ మనవాళ్ళేగా" అన్నాను.

"మనవాళ్ళ కోసమే కట్టించాను బాబూ" అన్నారావిడ, నా మొహంలోకి చూస్తూ.

మా తోడల్లుడే వంగి ముడి విప్పాడు. "అన్నయ్యగారి లెక్క తప్పదండి అత్తయ్యగారూ" అన్నాడు. అలా అన్నందుకూ అతని మీద కుళ్ళొచ్చింది. ఆ మాట ఎవరైనా అంటే బావుండునని నేను ఎదురుచూసింది నిజమే, కానీ అతని నోట కాదు.

విమానం మళ్ళీ లేచింది. దిగాక పైలట్‌గారు నూట ముప్పై అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నల్లుడి విమానం భలే పరిగెత్తిందన్నారు. లెక్క కలిసిందని ఒక్కరూ అనలేదు. పులిహోర మొదటి ప్లేటు అతనికే వెళ్ళింది.

బయల్దేరేటప్పుడు అత్తగారు ఆ తాడుని చుట్టగా చుట్టి నా చేతిలో పెట్టారు. పారేయకూడదు, మీ కారుకి కట్టుకోండి బాబూ అన్నారు. పన్నెండేళ్ళ కారుకి దిష్టి పెట్టేదెవరని నేను అడగలేదు. ఇంటికి రాగానే బంపరుకి అందరికీ కనపడేలా కట్టుకున్నాను. ఇంకా ఎవరి కళ్ళూ పడలేదు.