తేలిన ఎలుక

మనిషి మెదడులో కణాలన్నీ ఒక జాతివి కావనీ, దిగులు పోవడానికి మందు మింగితే అది కొన్ని జాతుల కణాలకే వినబడుతుందనీ, మిగతావి పెళ్ళిలో అలిగిన వియ్యపురాలిలా మొహం తిప్పుకుని కూర్చుంటాయనీ లోకంలో మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనే. మొన్న ఆదివారం మేము చర్చి నుంచి తిరిగొచ్చి అరసవల్లిలో మా అద్దె వాటా వరండాలో కూర్చున్నాము. వీధిలో గుడికి పోయే ఆటోలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని హారన్లు కొడుతూంటే, ఆ రొదలోనే మా కోడలు ఫోను చూస్తూ ఏదో చదివి వినిపించింది. ఆమె ఆసుపత్రిలో నర్సు, అలాంటి సంగతులు కంటపడితే వదలదు. మెదడును ఇప్పుడు మొత్తంగా ఒక ముద్దలా కాకుండా ఏ రకం కణాన్ని ఆ రకంగా విడదీసి చూస్తున్నారట. కష్టం వచ్చిపడినప్పుడు అన్ని కణాలూ ఒక్కలా దెబ్బతినవట. మందుకు కూడా అన్నీ ఒక్కలా బదులు పలకవట. అది వినగానే నాకు పాత పొగరు లేచి, ఈ ముక్క నాకు ఎప్పుడో తెలుసు, మీ సైంటిస్టులు నా వెనక వచ్చారు అన్నాను. "మరయితే పేపర్లో మీ బొమ్మ పడనేదేటి మావయ్యా?" అని మా కోడలు నవ్వింది. తలుపు వెనక గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ నవ్వి చాలా కాలమైంది.

నా గొప్పకు పునాది ఏమిటో మీకు చెప్పాలి. విజయనగరం దాటాక రోడ్డు పక్కన అప్పట్లో మందుల చదువు చెప్పే కాలేజీ ఒకటి ఉండేది, అందులో ఎలుకల గది నాది. నాది అంటే, ఊక మార్చడం, మేత వేయడం, నీళ్ళ సీసాలు కడగడం నా పని. అవి బియ్యపు బస్తాలు కొరికే జాతి కాదు, తెల్లగా, ఎర్రని కళ్ళతో, పెళ్ళికూతుళ్ళలా ఉండేవి. పెద్ద చదువు పిల్లలు ఏ ఆకు పసరు దిగులు తగ్గిస్తుందో చూడడానికి వాటికి ఒక పరీక్ష పెట్టేవారు. నిలువుగా ఉండే గాజు జాడీలో నీళ్ళు పోసి ఎలుకను వదిలితే, మొదట అది గోడ ఎక్కబోతుంది, జారిపోతుంది, గుండ్రంగా ఈదుతుంది, కాసేపటికి ఈత మానేసి ముక్కు ఒక్కటే పైకి పెట్టి ఊరికే తేలుతుంది. ఆ తేలడాన్ని వాళ్ళు ఆశ వదులుకోవడం కింద రాసుకునేవారు. దిగులు మందు పడ్డ ఎలుక అంత తొందరగా తేలదు, ఇంకా ఇంకా ఈదుతుంది. ఎంత ఎక్కువ ఈదితే మందు అంత మంచిదన్నమాట. పరీక్ష అయ్యాక తడిసిన ఎలుకను నా చేతికిస్తే, తువ్వాలుతో తుడిచి, ఎండలో పెట్టి, వెన్ను నిమిరేవాణ్ణి.

ఎలుకలకు పేర్లు పెట్టకూడదని మా లెక్చరరు గారి ఆజ్ఞ. నేను మా అత్తవారి వైపు చుట్టాల పేర్లన్నీ పెట్టేశాను. జాడీలో వేయగానే తేలిపోయే బద్ధకపుదాన్ని పెద్దల్లుడు అనీ, మందు లేకపోయినా ఆగకుండా కాళ్ళు కొట్టుకునేదాన్ని పిన్నత్త అనీ పిలిచేవాణ్ణి. ఒకే తల్లికి ఒకే కాన్పులో పుట్టి, ఒకే మేత తిని, ఒకే మందు ఒకే పాళ్ళలో పడినా, ఒకటి ఈదేది, పక్కది తేలేది. మెడ పట్టుకుని చూసి ఏది ఈదుతుందో ముందే చెప్పేసేవాణ్ణనీ, పిల్లలు నన్ను అడిగాకే పరీక్ష మొదలుపెట్టేవారనీ మా వీధిలో చాలామందికి చెప్పాను. మీరు నా ఈడువాళ్ళు, మీ దగ్గర దాపరికమెందుకు, నేను చెప్పినవి నిజమైనంత తరచుగా తప్పేవి కూడా. నిజమైనవి గుర్తుపెట్టుకున్నాను, తప్పినవి ఊకతోపాటు బయట పారబోశాను. నేను కనిపెట్టింది అంతే.

మా ఆవిడ పుట్టిల్లు భావనపాడు. సముద్రం మీద బతికే కుటుంబం. మాది చీపురుపల్లి వైపు నేల దున్నుకునే ఇల్లు. రెండువైపులవాళ్ళమూ బాప్టిస్టు చర్చివాళ్ళమే కాబట్టి పెద్దల మాటల్లో సంబంధం కుదిరింది. ఆవిడకు ఒక్కడే తమ్ముడు. ఒడ్డుమీద పుట్టినవాళ్ళందరికీ ఈత వస్తుంది గాని, వాడిలా కెరటం చీల్చుకుంటూ పోయేవాణ్ణి నేను చూడలేదు. నేను ఆ కాలేజీలో పనిచేస్తున్న రోజుల్లోనే ఒక పొద్దున్న వాళ్ళ పడవ బోల్తాపడింది. పడవలో వాడూ, వరసకు బావ అయ్యేవాడూ ఇద్దరే. ఆ బావకు వాడిలా ఈత రాదు, అందుకని వెల్లకిలా పడి, చేతులు చాచి, నీళ్ళు ఎటు మోస్తే అటు తేలాడు. ఒడ్డున తాటిచెట్లు అల్లవిగో కనిపిస్తున్నాయి, నేను పోయి మనుషుల్ని తెస్తానని మా బావమరిది ఈదుకుంటూ పోయాడట. మధ్యాహ్నానికి వేరే పడవవాళ్ళు బావను లాగి ఎక్కించుకున్నారు. వీడు ఒడ్డుకు చేరలేదు.

ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత మా ఆవిడ ఏడవడం కూడా మానేసింది. అప్పుడు నాకు భయం పుట్టింది. తల దువ్వుకోదు, అన్నం ముందు పెడితే కంచం వైపు చూస్తూ కూర్చుంటుంది, పిలిస్తే ఆ పిలుపు ఏడు ఊళ్ళవతల నుంచి వస్తున్నట్టు తల తిప్పుతుంది. ఆ నెలల్లోనే, పక్క వీధిలో ఉండే మా అక్కకు కూడా అదే జబ్బు చేసింది. ఇద్దరినీ ఒకే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను, ఒకే మాత్ర ఇచ్చాడు, వెంటనే పనిచేయదు, కొన్ని వారాలు ఓపిక పట్టమన్నాడు. ఓపిక పట్టాము. మా అక్క ఊరగాయ జాడీలు కడిగి ఎండబెట్టుకునే మనిషిగా లేచి కూర్చుంది. మా ఆవిడకు నోరు ఎండిపోవడమూ, పగలంతా మత్తుగా ఉండడమూ తప్ప ఒరిగింది లేదు. మాత్ర మార్చారు, పాళ్ళు పెంచారు, మళ్ళీ మార్చారు. ఆ రోజుల్లో కణాల సంగతి ఎవరికి తెలుసు? అక్కకు తగ్గి ఈవిడకు తగ్గకపోయేసరికి తప్పంతా ఈవిడ నెత్తిన పడింది. విశ్వాసం చాలలేదని చర్చిలో ఆడవాళ్ళు అన్నారు, మనసు గట్టిది కాదని మావాళ్ళు అన్నారు. "దానికి లెగాలని నేదురా, లెగాలనుకుంటే లెగుతాది" అని మా అక్కే అంది. తాను లేవగలిగినందుకు తానేదో గొప్ప పని చేశానన్నట్టు. నేను ఎవరినీ ఏమీ అనలేదు, లోపల నాకూ అదే అనుమానం ఉండేది.

నాకు తెలిసిన వైద్యమల్లా ఎలుకల కథే. మంచం అంచున కూర్చుని, చూడవే, మందు పడ్డ ఎలుక ఈత మానదు, నువ్వూ మానకు, ఇంకాస్త ఈదితే ఒడ్డొచ్చేస్తుంది అని రోజూ చెప్పేవాణ్ణి. ఆ కథతోనే మా ఆవిడను లేపి నిలబెట్టాననీ, అప్పటినుంచి వంటా వార్పూ తానే చూసుకుందనీ చుట్టాలందరికీ చెప్పాను, మా కోడలికి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. అది సాగదీసిన మాట. అసలు జరిగింది ఒక్క రోజు. మూడో రకం మాత్ర వేసుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి ఇంట్లో నెత్తళ్ళ చేపల పులుసు వాసన. ఆవిడ తల దువ్వుకుని, పీట వేసి, నాకు వడ్డించింది. చింతపండు కాస్త ఎక్కువైంది, జబ్బు మనిషి చెయ్యి కదా అనుకున్నాను, రెండోమారు అడిగి వేయించుకున్నాను. మర్నాడు మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది. ఆ ఒక్క పులుసును నీళ్ళు పోసి పోసి ఇన్నేళ్ళకు సరిపెట్టుకున్నాను.

అప్పటికీ ఇప్పటికీ మారిందేమిటంటే నాకు ఇంతే తోస్తుంది. అప్పుడు మనిషిని తప్పు పట్టాము, ఇప్పుడు కణాన్ని తప్పు పడుతున్నాము. ఏ గదిలో ఏ కణం మందు మాట వినడంలేదో ఆనవాలు పట్టగలుగుతున్నారట, సంతోషమే. ఆ గది తలుపు తీసే తాళంచెవి మాత్రం, మా కోడలు ఎంత కిందికి జరిపి చదివినా, ఆ ఫోనులో లేదు. ఎప్పుడొస్తుందమ్మా అంటే, "ఇంకా సూస్తన్నారట మావయ్యా, ఎలకల్లో" అంది. మళ్ళీ ఎలుకలే. ఆ కాలేజీ గదిలో నేను తుడిచి ఎండబెట్టినవాటి మునిమనుమలు ఏ జాడీలోనో ఇప్పటికీ కాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయన్నమాట. వాటి వంతు ముగిసి, తర్వాత మనుషుల వంతు వచ్చేసరికి మా ఆవిడ ఉండదు. నేనూ ఉండను.

అయినా ఆ వార్త ఆవిడకు చెప్పాలనిపించింది. తప్పు నీది కాదని ఇన్నాళ్ళకైనా ఒకరు చెప్పాలి కదా. గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుని, కణాల సంగతి నాకు అర్థమైనంత చెప్పి, అలవాటు కొద్దీ చివర్న ఎలుకను కూడా తెచ్చాను. ఈదడం మానకే అన్నాను.

గోడవైపు నుంచే మాట వచ్చింది. "ఈదినోడు సచ్చిపోనాడు మావా. తేలినోడు బతికినాడు. నీ ఎలకలు తెలివైనవి, ఎవలో ఒకలు తీస్తారని తేలతన్నాయి. నువ్వు తువ్వాలట్టుకుని తీసీవోడివి కదా. ఇన్నేళ్ళూ నన్ను ఈదు, ఈదు అంటన్నావు."

 చేతికి దొరికిన గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ పులుసు పట్టుకున్నాను. మరి ఆ రోజు నువ్వే లేచి నెత్తళ్ళ పులుసు వండలేదా, ఆ ఒక్క రోజైనా మందు పట్టింది కదా అన్నాను.

వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది దాటేదాకా ఆగి అంది.

"నాను వండనేదు. మీ అక్క వండి, గిన్ని పెట్టీసి, నా తల దువ్వీసి ఎల్లిపోనాది. నాను వడ్డించినాను, అంతే."